ఎక్కడో వరదొస్తే ఖనిలో రేటు పెరుగుతుంది

గోదావరిఖనిలో కంప్యూటర్ సామాన్లు అమ్మే షాపుల ముందు నిలబడితే కొన్ని నెలలుగా ఒకటే పంచాయితీ వినిపిస్తోంది. "ఏందన్నా, దసరాకు ముందు అడిగితే ఒక రేటు చెప్తివి, ఇప్పుడు గింత చెప్తున్నవ్?" అని కొనేవాళ్ళు. "నా చేతుల ఏమున్నది సార్, పొద్దున సీటీసీకి ఫోన్ చేస్తే ఒక రేటు, మాపటికి ఇంకో రేటు" అని అమ్మేవాళ్ళు. సీటీసీ అంటే సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గరి చెనాయ్ ట్రేడ్ సెంటర్. మన దగ్గరి షాపుల్లోని కంప్యూటర్ సరుకు చాలావరకు అక్కడి నుంచో, కరీంనగర్ మీదుగానో రావాల్సిందే. కొనేవాడు షాపువాణ్ణి అనుమానిస్తాడు, షాపువాడు డీలర్‌ని తిట్టుకుంటాడు, డీలర్ "పైనుంచే అట్లా వస్తోంది" అంటాడు. ఆ 'పైన' ఎవరున్నారు, ఎక్కడున్నారు అన్నది మాత్రం ఎవరూ చెప్పరు. ఈ వారం ఆ 'పైన' సంగతే చూద్దాం.

ముందే ఒక మాట. ఇది కంప్యూటర్లతో ఆడుకునే కుర్రాళ్ళ గొడవ మాత్రమే కాదు. బీటెక్‌లో చేరిన కొడుకుకు లాప్‌టాప్ కొనే కార్మికుడికి, ఇంటి ముందు సీసీ కెమెరా పెట్టుకున్న ముసలి దంపతులకు, మీసేవా నడుపుకునే పిల్లవాడికి, పెళ్ళి వీడియోలు తీసే స్టూడియో వాళ్ళకు, అందరికీ తగిలే దెబ్బ. ఫోన్‌లో మెమరీ కార్డు దగ్గర నుంచి స్టూడియోలో వరసగా పేర్చిన హార్డ్ డిస్కుల దాకా మన ఇళ్ళలో దాచుకున్నవన్నీ ఇప్పుడు వాటిలోనే ఉన్నాయి.

కొరత అంటే ఏమిటో మన బొగ్గు బెల్టు వాళ్ళకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. కానీ కొరత అన్నిచోట్లా ఒకే వేషంలో రాదు. బొగ్గు తగ్గితే ఏమవుతుంది? కరెంటు బిల్లు మర్నాడే రెట్టింపు కాదు, కరెంటే పోతుంది. యూరియా తగ్గితే ఏమవుతుంది? 45 కిలోల బస్తా ధర 266 రూపాయల 50 పైసలని సర్కారు కట్టేసింది కాబట్టి బస్తా మీద రేటు మారదు, సొసైటీ ముందు క్యూ పెరుగుతుంది. 2025 ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో మన జిల్లాల్లో రైతులు చెప్పులు, ఆధార్ జిరాక్సులు వరసలో పెట్టి కూర్చున్నది అందుకే. రామగుండంలో ఎరువుల ఫ్యాక్టరీని పక్కనే పెట్టుకుని కూడా ఆ క్యూ తప్పలేదు. హార్డ్ డిస్కుకు మాత్రం సర్కారు రేటూ లేదు, రేషన్ కార్డూ లేదు. అక్కడ కొరత కోతగానూ రాదు, క్యూగానూ రాదు. నేరుగా ధరగా వస్తుంది. డబ్బున్నవాడికి కొరత ఉన్నట్టే తెలియదు. లేనివాడు క్యూలో కూడా కనపడడు, కొనకుండా ఇంటికి వెళ్ళిపోతాడు.

దీనికి మంచి ఉదాహరణ 2011. ఆ ఏడాది సెప్టెంబరు 13న సకల జనుల సమ్మె మొదలైంది. సింగరేణి కార్మికులు 35 రోజులు బావి దిగలేదు. బొగ్గు రాక ఎన్టీపీసీ రామగుండంలో ఉత్పత్తి తగ్గింది. 2,600 మెగావాట్ల స్టేషన్ అది. మన గనుల నుంచి ఎంజీఆర్ రైలు పట్టాల మీద బొగ్గు గుండ్రంగా తిరుగుతుంటేనే దాని బాయిలర్లు మండుతాయి. రాష్ట్రమంతా కరెంటు కోతలు మొదలయ్యాయి. ఆర్టీసీ బస్సులు డిపోల్లో ఆగాయి, రైలు రోకోలు జరిగాయి. ఖనికి పార్సిల్ రావడమే గగనమైన రోజులవి.

సరిగ్గా అదే అక్టోబరులో మనకు సుమారు రెండు వేల కిలోమీటర్ల అవతల థాయిలాండ్‌లో చావో ఫ్రాయా నది పొంగింది. ఆ వానాకాలం వరదల్లో 800 మందికి పైగా చనిపోయారు. బ్యాంకాక్‌కు ఉత్తరాన అయుత్తయ ప్రాంతంలో వరసగా ఉన్న పారిశ్రామిక వాడలు ఒకదాని తర్వాత ఒకటి మునిగాయి. వాటిలో బాంగ్ పా ఇన్, నవనకోర్న్ అనే చోట్ల వెస్టర్న్ డిజిటల్ కంపెనీ ఫ్యాక్టరీలుండేవి. ఆ కంపెనీ హార్డ్ డిస్కుల్లో సగానికి పైగా థాయిలాండ్‌లోనే తయారయ్యేవి. ప్రపంచం మొత్తం మీద చూసినా ప్రతి పది డిస్కుల్లో నాలుగు ఆ దేశం నుంచే వచ్చేవి.

రెండో పెద్ద కంపెనీ సీగేట్ ఫ్యాక్టరీల్లోకి నీళ్ళు రాలేదు. అయినా దానికీ ఇబ్బంది తప్పలేదు. ఎందుకంటే హార్డ్ డిస్కు అంటే ఒక ముక్క కాదు. లోపల పళ్ళెం, దాన్ని తిప్పే మోటారు, దాని మీద వెంట్రుక మందం కూడా లేని ఎత్తులో తేలుతూ చదివే హెడ్డు, దాన్ని పట్టుకునే చెయ్యి, ఇలా ఒక్కో భాగం ఒక్కోచోట తయారవుతుంది. ఆ చిన్న మోటార్లలో ఎక్కువ భాగం నిడెక్ అనే జపాన్ కంపెనీవే. దానికీ థాయిలాండ్‌లో ఫ్యాక్టరీలున్నాయి, వాటికీ వరద తగిలింది. బావిలో పనిచేసినవాళ్ళకు ఇది వెంటనే అర్థమవుతుంది. మొహం దగ్గర బొగ్గు ఎంత కొట్టినా, బెల్టు ఆగితే బావి ఆగినట్టే.

ఇప్పుడు లెక్క చూడండి. 2011 చివరి మూడు నెలల్లో ప్రపంచంలో మార్కెట్లోకి వచ్చిన హార్డ్ డిస్కులు అంతకు ముందు మూడు నెలల కంటే దాదాపు 30 శాతం తగ్గాయి. ధర 30 శాతం పెరిగిందా? లేదు. ఖనిలో సెప్టెంబరులో రెండు వేల లోపు దొరికిన 500 జీబీ డిస్కు దీపావళి దాటాక నాలుగు వేలు దాటింది. సరుకు మూడో వంతు కూడా తగ్గలేదు, రేటు రెండింతలైంది. చాలామంది "ఇదంతా దొంగ లెక్క" అనుకునేది ఇక్కడే. దొంగతనం కొంత ఉండొచ్చు. కానీ అసలు కారణం వేరే.

వంకాయలు పిరమైతే బెండకాయలు కొంటాం. డిస్కు పిరమైతే దాని బదులు ఏం కొంటాం? ఆ రోజుల్లో ఎస్ఎస్‌డీ అంటే ధనవంతుల సొమ్ము. డిస్కు లేకుండా కంప్యూటర్ అమ్ముడుపోదు. కాబట్టి కంప్యూటర్లు తయారుచేసే పెద్ద కంపెనీలు ఎంతకైనా కొంటాయి. పైగా వాళ్ళకు ముందే ఒప్పందాలుంటాయి. ఫ్యాక్టరీ నుంచి వచ్చే సరుకులో మొదటి వాటా వాళ్ళది. వాళ్ళకు పోగా మిగిలిందే విడిగా అమ్మే బజారుకు వస్తుంది. మొత్తం సరుకు 30 శాతం తగ్గితే, ఆ తగ్గుదలలో పెద్ద భాగం చివరన ఉన్న చిన్న బజారు మీద పడుతుంది. అంటే మన సీటీసీ మీద, మన ఖని మీద.

ఈ పద్ధతి మనకు కొత్తదేం కాదు. సింగరేణి బొగ్గు ఎలా అమ్ముతుందో చూడండి. కరెంటు ప్లాంట్లకు ఇంధన సరఫరా ఒప్పందాలుంటాయి. వాటికి ఇచ్చాక మిగిలినదాంట్లో కొంత ఈ-వేలానికి వస్తుంది. కొరత రాగానే ముందు ప్లాంట్లకే బండ్లు కదులుతాయి. వేలంలో కొనుక్కునే చిన్న ఫ్యాక్టరీవాడికి సరుకు సన్నబడుతుంది, రేటు ఎక్కుతుంది. లింకేజీ ఉన్నవాడికి బొగ్గు, లేనివాడికి మసి. హార్డ్ డిస్కుల లోకంలో మనమంతా లింకేజీ లేని వాళ్ళమే.

ఇక షాపువాడి సంగతి. "పాత రేటుకు తెచ్చిన సరుకు కొత్త రేటుకు ఎందుకమ్ముతున్నవ్?" అన్నది న్యాయంగా కనిపించే ప్రశ్న. అతని లెక్క ఇలా ఉంటుంది. రెండు వేలకు తెచ్చిన పది డిస్కులను పాత లాభంతో అమ్మేస్తే చేతికి ఇరవై రెండు వేలొస్తాయి. మళ్ళీ పది తేవాలంటే నలభై వేలు కావాలి. అంటే ఉన్న డబ్బుకు ఐదే వస్తాయి. షాపు సగం ఖాళీ. అందుకే రేటు పెరిగిన రోజే పాత సరుకు మీద కూడా స్టిక్కర్ మారుతుంది. మరి రేటు తగ్గినప్పుడో? నలభై వేలు పెట్టి తెచ్చిన సరుకు మూలకు ఉంది కాబట్టి అది అమ్ముడుపోయేదాకా తగ్గించడు. ఎక్కేటప్పుడు లిఫ్టు, దిగేటప్పుడు మెట్లు. 2011లో వెస్టర్న్ డిజిటల్ గజ ఈతగాళ్ళను దించి నీళ్ళలో మునిగిన యంత్రాలను బయటికి తీయించింది. నవంబరు ఆఖరుకల్లా తయారీ మళ్ళీ మొదలుపెట్టింది. ఫ్యాక్టరీ లేచింది రెండు నెలల లోపే. బజారులో రేటు వరదకు ముందు స్థాయికి దిగి రావడానికి ఏడాదికి పైనే పట్టింది.

అదే సమయంలో రూపాయి కూడా జారింది. 2011 జూలైలో డాలరు 44 రూపాయల దగ్గరుంటే డిసెంబరుకు 53 దాటింది. డిస్కు డాలర్లలో కొనాలి. వరద ఒకవైపు, రూపాయి ఒకవైపు. పన్ను కూడా ధర మీదే కాబట్టి అదీ పెరుగుతుంది. ఇప్పటి 18 శాతం జీఎస్టీ లెక్కనే చూస్తే రెండు వేల మీద 360, నాలుగు వేల మీద 720. కొరత వచ్చినప్పుడు సర్కారుకు కూడా మనం ఎక్కువే కడతాం.

మన ఊళ్ళో ఆ కష్టం ఎంత చేసిందో నాకు ఒక వీడియోగ్రాఫర్ మాటల్లో అర్థమైంది. ఆయన ముప్పై ఏళ్ళుగా ఖనిలో పెళ్ళిళ్ళు తీస్తున్నాడు. సకల జనుల సమ్మెలో కెమెరా భుజాన వేసుకుని గని గేట్ల దగ్గర ధర్నాలు, రోడ్ల మీద వంటావార్పులు, బతుకమ్మ ఆడిన ఆడవాళ్ళు, బోసిపోయిన పిట్లు, అన్నీ తీశాడు. ఎవరూ తీయమనలేదు, ఎవరూ డబ్బివ్వలేదు. రోజూ రాత్రి కంప్యూటర్‌లోకి ఎక్కించుకునేవాడు. సమ్మె అయిపోయింది, కార్తీక మాసం పెళ్ళిళ్ళు వచ్చాయి, డిస్కులు నిండాయి.

"కొత్త డిస్కు తెద్దామని పోతే రెండింతలు చెప్పిండు. సమ్మెల నెల రోజులు గిరాకీ లేదు, చేతుల పైసల్లేవు. పెళ్ళోళ్ళు అడ్వాన్స్ ఇచ్చిండ్రు, వాళ్ళ వీడియో ఉంచాలె. సమ్మె వీడియోకు ఎవరిస్తరు సార్ పైసలు? ఒక్కొక్కటే తీసేసిన. రేటు తగ్గినంక ఆగుదామనుకుంటే సీజన్ ఆగదు గద."

ఆయన మాటల్లో కోపం లేదు, లెక్కే ఉంది. కానీ ఆ లెక్క ముందు నేను చాలాసేపు మాట్లాడలేకపోయాను. థాయిలాండ్‌లో ఒక నది పొంగినందుకు గోదావరి ఒడ్డున ఒక సమ్మె బొమ్మలు చెరిగిపోయాయి. డిస్కు పిరమైతే మనం దాచుకునేది తగ్గదు, దాచుకున్నదాంట్లో ఏది పారేయాలో ఎంచుకోవలసి వస్తుంది. అట్లా ఎంచుకునేటప్పుడు డబ్బిచ్చినవాళ్ళ జ్ఞాపకం మిగులుతుంది, ఇవ్వలేని వాళ్ళది పోతుంది.

నష్టం అందరికీ రాలేదు. వరదలో మునగని సీగేట్ 2011 జనవరి-మార్చి నెలల్లో సంపాదించిన లాభం 9.3 కోట్ల డాలర్లు. 2012లో అవే మూడు నెలల్లో అది 110 కోట్ల డాలర్లు దాటింది. కొరతలో సరుకున్నవాడే రాజు. మరో మార్పు కూడా జరిగింది. సామ్‌సంగ్ హార్డ్ డిస్కుల వ్యాపారాన్ని సీగేట్ 2011 డిసెంబరులో తీసుకుంది. హిటాచీది వెస్టర్న్ డిజిటల్ 2012 మార్చిలో తీసుకుంది. ఈ కొనుగోళ్ళ మాటలు వరదకు ముందే మొదలయ్యాయి, వరద వల్ల వచ్చినవి కావు. కానీ ఫలితం మనకు తెలిసిందే. ప్రపంచంలో హార్డ్ డిస్కులు తయారుచేసేవాళ్ళు ముగ్గురే మిగిలారు: సీగేట్, వెస్టర్న్ డిజిటల్, తోషిబా. ఆ ఏడాది చివరే మొదటి రెండు కంపెనీలు మామూలు డిస్కుల వారంటీని మూడేళ్ళ నుంచి రెండేళ్ళకు, ఒక ఏడాదికి కుదించాయి. రేటు పెరిగింది, భరోసా తగ్గింది.

అయితే ఎక్కడ ఏ ఫ్యాక్టరీ ఆగినా రేటు రెట్టింపు అవుతుందా? కాదు. 2019 జూన్ 15న జపాన్‌లో యొక్కాయిచి అనే ఊళ్ళో కరెంటు పోయింది. పదమూడు నిమిషాలే. మన దగ్గర పదమూడు నిమిషాల కోతను ఎవడూ లెక్కపెట్టడు. కానీ ఆ ఊళ్ళో అప్పట్లో తోషిబా మెమరీ, వెస్టర్న్ డిజిటల్ కలిసి నడిపిన ఫ్లాష్ చిప్పుల ఫ్యాక్టరీలున్నాయి. ఎస్ఎస్‌డీలో, పెన్ డ్రైవ్‌లో, ఫోన్‌లో ఉండే మెమరీ అదే. ఒక చిప్పు పొర మీద పొర వేసుకుంటూ తయారవడానికి నెలలు పడుతుంది. మధ్యలో కరెంటు పోతే లైన్లో ఉన్న సరుకు పాడవుతుంది. ఆవకాయ జాడీలో తడి గరిటె పెట్టినట్టు, పైన ఉన్న రెండు ముక్కలు తీసేస్తే సరిపోదు. వెస్టర్న్ డిజిటల్ తన వాటాలో ఆరు ఎక్సాబైట్ల నష్టమని చెప్పింది. అంటే ఒక్కొక్కటి ఒక టెరాబైట్ చొప్పున 60 లక్షల డ్రైవ్‌ల సరుకు!

అయినా ఆ ఏడాది బజారులో 2011 లాంటి గగ్గోలు లేదు. ఎందుకంటే అప్పటికి గోదాముల్లో సరుకు గుట్టలుగా ఉంది. పడిపోతున్న ధరలు ఆగాయి, కాస్త లేచాయి, అంతే. కాబట్టి దెబ్బ ఎంత పెద్దదన్న దానికంటే, దెబ్బ తగిలిన రోజు యార్డులో ఎన్ని రోజుల నిల్వ ఉందన్నది ముఖ్యం. ఇది కూడా మనకు తెలిసిన సంగతే. 2021 అక్టోబరు మొదట్లో దేశంలోని బొగ్గు ప్లాంట్ల దగ్గర సగటున నాలుగు రోజుల నిల్వే మిగిలిందన్నప్పుడు ఢిల్లీ దాకా కంగారు పుట్టింది. నిల్వ నిండుగా ఉంటే పెద్ద సమ్మెను కూడా కొన్నాళ్ళు తట్టుకోవచ్చు. లేకపోతే నాలుగు రోజుల వాన చాలు ఓపెన్ కాస్టు ఆగి దీపాలు ఆరడానికి.

ఇప్పటి కొరత ఈ రెండు రకాల్లో ఏది? ఏదీ కాదు. ఈసారి వరద రాలేదు, కరెంటు పోలేదు. కథ 2023లో మొదలైంది. కరోనా కాలంలో అందరూ లాప్‌టాప్‌లు కొన్నారు, తర్వాత గిరాకీ పడిపోయింది. మెమరీ చిప్పుల ధరలు నేలకు దిగాయి. ఆ ఏడాది ఎస్ఎస్‌డీలు కొన్నవాళ్ళు అదృష్టవంతులు. కంపెనీలకు మాత్రం విపరీతమైన నష్టాలు. అందుకని సామ్‌సంగ్‌తో సహా అన్నీ ఉత్పత్తి తగ్గించుకున్నాయి. అంటే సరఫరాకు అడ్డం పడింది ప్రకృతి కాదు, తయారీదారులే. ఆ తగ్గించిన ఉత్పత్తి మీదికి ఏఐ గిరాకీ వచ్చి పడింది.

ఏఐ డేటా సెంటర్లకు మామూలు సర్వర్ల కంటే చాలా ఎక్కువ మెమరీ కావాలి. ప్రపంచంలో ర్యామ్ చిప్పులు పెద్ద ఎత్తున చేసేది సామ్‌సంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్, ముగ్గురే. వాళ్ళ దగ్గరున్న లైన్లను లాభం ఎక్కువొచ్చే ఏఐ మెమరీ వైపు తిప్పారు. 2025 చివరి నెలల్లో ర్యామ్ ధరలు వారం వారం ఎక్కాయి, వాటి వెనకే ఎస్ఎస్‌డీల ధరలు కదిలాయి. పెద్ద సైజు హార్డ్ డిస్కులకూ డేటా సెంటర్ల తాకిడి తగిలింది. 2025 డిసెంబరు 3న మైక్రాన్ కంపెనీ క్రూషియల్ పేరుతో మనలాంటివాళ్ళకు అమ్మే ర్యామ్, ఎస్ఎస్‌డీల వ్యాపారాన్నే మానేస్తున్నట్టు ప్రకటించింది. మన షాపుల్లో కూడా బాగా అమ్ముడుపోయిన పేరది. చిల్లర కొట్టు మూసేసి హోల్‌సేల్ గిరాకీలకే సరుకు తోలుకుంటానన్నమాట. అదే నెలలో డాలరు 90 రూపాయలు దాటింది.

2025 అక్టోబరులో విశాఖపట్నంలో గూగుల్ 15 బిలియన్ డాలర్లతో ఏఐ డేటా సెంటర్ పెడుతున్నానని ప్రకటిస్తే తెలుగువాళ్ళమంతా సంతోషించాం. సంతోషించవలసిందే. కానీ అలాంటివి ప్రపంచమంతా లేస్తున్నాయి, వాటిలో ప్రతిదానికీ కరెంటు కావాలి, మెమరీ కావాలి. ఖని కార్మికుడి కొడుకు లాప్‌టాప్‌కు ఇంకో ఎనిమిది జీబీ ర్యామ్ వేయించుకుందామని షాపుకెళ్తే, అదే వరసలో అతని ముందు నిలబడ్డది ఆ డేటా సెంటర్లే. ఒప్పందం ఉన్నవాళ్ళు వాళ్ళు, వేలంలో కొనేవాడు వీడు. 2011కు, ఇప్పటికి తేడా ఒక్కటే. అప్పుడు నీళ్ళు తీసేస్తే ఫ్యాక్టరీ మొదలైంది. ఇప్పుడు కొత్త ఫ్యాక్టరీ కట్టి చిప్పు బయటికి రావాలంటే ఏళ్ళు పడుతుంది. లేదా ఏఐ జోరు తగ్గాలి. ఈ రెండింటిలో ఏది ముందో చెప్పగలిగినవాడు ఈ పాటికి కోటీశ్వరుడై ఉండేవాడు, కాలమ్ రాసుకుంటూ ఉండడు.

మరి మనం ఏం చేయాలి?

మొదటిది, అవసరాన్ని రెండుగా విడదీయండి. కంప్యూటర్ కాస్త స్పీడు పెరుగుతుందని ఎస్ఎస్‌డీ మార్చుకుందామనుకుంటే ఆగొచ్చు. పాతది ఇంకో ఏడాది నడుస్తుంది. కానీ ఉన్న డిస్కు టిక్కు టిక్కుమని చప్పుడు చేస్తున్నా, ఫైళ్ళు తెరవడానికి మొరాయిస్తున్నా, ఇంట్లో ఫొటోలన్నీ ఆ ఒక్కదాంట్లోనే ఉన్నా, రేటు చూడకుండా చిన్నదైనా ఒకటి కొని కాపీ తీసుకోండి. పాడైన డిస్కులోంచి డేటా బయటికి తీయించాలంటే అయ్యే ఖర్చు కొత్త డిస్కు ధరకు ఎన్నో రెట్లుంటుంది. అప్పటికీ వస్తుందన్న హామీ లేదు.

రెండోది, కొరత కాలమే నకిలీల పండగ. ఐదొందలకు రెండు టెరాబైట్ల పెన్ డ్రైవ్ అని ఆన్‌లైన్‌లో కనిపిస్తే అది మోసమే, సందేహం లేదు. లోపల చిన్న చిప్పు ఉంటుంది, కంప్యూటర్‌కు మాత్రం రెండు టీబీ అని అబద్ధం చెబుతుంది. నిండేదాకా బాగానే ఉన్నట్టుంటుంది, నిండాక పాత ఫైళ్ళ మీదే కొత్తవి రాసేస్తుంది. కొన్న రోజే హెచ్2టెస్ట్‌డబ్ల్యూ లాంటి ఉచిత ప్రోగ్రామ్‌తో మొత్తం నింపి చూస్తే నిజం బయటపడుతుంది. పెద్ద డిస్కులతో ఇంకో మోసం ఉంది. 2021లో చియా అనే డిజిటల్ నాణెం కోసం హార్డ్ డిస్కులు వేలం వెర్రిగా కొన్నారు. ఆ జోరు చల్లబడ్డాక, అలా వాడేసిన డిస్కుల లోపలి గంటల లెక్కను సున్నా చేసి కొత్తవని అమ్మిన వ్యవహారం 2025 మొదట్లో యూరప్‌లో బయటపడింది. కాబట్టి డిస్కు మీది సీరియల్ నంబర్‌ను కంపెనీ వెబ్‌సైట్‌లో కొట్టి వారంటీ ఎప్పటిదాకా ఉందో షాపులోనే చూసుకోండి. జీఎస్టీ బిల్లు తీసుకోండి. "బిల్లు లేకుంటే మూడొందలు తగ్గిస్త" అంటే ఆ మూడొందలు మీకు మిగిలినట్టు కాదు.

మూడోది, ఉన్న జాగాను వాడుకోండి. సీసీ కెమెరా రోజంతా ఖాళీ రోడ్డును రికార్డు చేయనక్కర్లేదు. ఎవరైనా కదిలినప్పుడే రికార్డు చేసే సెట్టింగ్ ఉంటుంది, హెచ్.265 అనే పద్ధతి ఉంటే జాగా ఇంకా కలిసొస్తుంది. పెట్టినవాణ్ణే పిలిచి మార్పించుకోండి, అయిదు నిమిషాల పని. ఇక ఫోన్లో రోజూ పొద్దున్నే వచ్చే గులాబీ పూల శుభోదయాలు, ఒకే వీడియో పది గ్రూపుల్లో వచ్చిన పది కాపీలు, వాటిని తీసేస్తే చాలామందికి కొత్త కార్డు అవసరమే ఉండదు.

నాలుగోది సింగరేణి కుటుంబాలకు. మన దగ్గర దసరాకు లాభాల వాటా, దీపావళికి బోనస్ చేతికొస్తాయి. షాపువాళ్ళకు ఆ తేదీలు మనకంటే బాగా గుర్తుంటాయి. ఊరంతా ఒకే వారంలో కొనడానికి బయలుదేరితే బేరం మన చేతిలో ఉండదు. లాప్‌టాప్ లాంటిది జూన్‌లో కాలేజీ మొదలయ్యేలోగా కావాలా, డిసెంబరుకైనా ఫరవాలేదా అన్నది ఇంట్లో ముందే మాట్లాడుకుని, రెండు మూడు నెలలు రేటు రాసుకుంటూ ఉంటే ఎక్కుతోందో దిగుతోందో మీకే తెలుస్తుంది. కొనేటప్పుడు తర్వాత ర్యామ్, ఎస్ఎస్‌డీ వేసుకోవడానికి ఖాళీ స్లాటు ఉందో లేదో అడగండి. ధర దిగిన రోజున పనికొస్తుంది.

సమ్మె వీడియోలు తీసేసుకున్న ఆ వీడియోగ్రాఫర్ దగ్గర ఒక్క డీవీడీ మాత్రం మిగిలింది. అప్పుడెవరో యూనియన్ నాయకుడు అడిగితే రాసిచ్చి, ఒక కాపీ బీరువాలో పడేశాడట. నలభై నిమిషాల వీడియో. అలాంటివి మన కాలనీల్లో ఇంకా ఎన్ని బీరువాల్లో, ఎన్ని పాత కంప్యూటర్లలో ఉన్నాయో. డీవీడీలు కూడా ఏళ్ళు గడిస్తే చదవడం మానేస్తాయి, డ్రైవులు ఉన్న కంప్యూటర్లు ఇప్పటికే అరుదైపోయాయి. రేటు ఎంతున్నా ఆ నలభై నిమిషాలు పట్టడానికి చిన్న పెన్ డ్రైవ్ చాలు. మీ ఇంట్లో అలాంటిది ఉంటే ఈ ఆదివారమే బయటికి తీయండి. కాపీ ఒకటి మీ దగ్గర ఉంచుకుని, ఇంకొకటి వేరే ఊళ్ళో ఉన్న మీవాళ్ళకు ఇవ్వండి.